పసుపు పూసిన గుండు

“ఆ గిన్నె బయటే పెట్టండి మామ్మా!” కుర్చీలోంచి లేవకుండానే అరిచింది సింధూరి.

గుమ్మంలో ఇంటి యజమాని దాలమ్మ నిలబడి ఉంది. శ్రీకాకుళంలో ఆమె మేడమీద వాటాలో ఈ కొత్తజంట దిగి ఎంతో కాలం కాలేదు. విజయనగరంలో కూతురింటికి వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చిన దాలమ్మకు వీధి మొదట్లోనే కబురు అందింది: పైవాటా వాళ్లకి బుర్రకి ఆపరేషన్ అయిందని. వెంటనే పచ్చిపసుపు నూరి, వేపనూనె కలిపి మెట్లెక్కేసింది. ఆమె పసుపు పడని గాయం ఆ వీధిలో లేదు. వద్దన్నవాళ్లకు నిద్రలోనైనా రాసేసి వెళ్తుంది.

వంటగదిలోంచి మోహనకృష్ణ కాఫీ గ్లాసుతో వచ్చాడు. నున్నటి గుండు.

“ఓలమ్మో! ఉంగరాల జుట్టు తీసేసినారా నాయినా!” దాలమ్మ కళ్లు ఒత్తుకుంది. అంతలోనే సింధూరి మీద పడింది. “ఏటే, ఆపరేషనైనోడి సేత కాఫీ పెట్టించుకుంతన్నావా? పైగా ఈ ఉక్కలో నీ తలకో గుడ్డ!”

“అది కాదు మామ్మా...”

“పొందూరు ఖద్దరు గుడ్డ మామ్మా,” మోహనకృష్ణ చటుక్కున అందుకున్నాడు. “నేనే కొన్నాను. తియ్యనంటాది.”

సింధూరి చూపు గిన్నె మీదే ఉంది. “మామ్మా, కోతకి ముందే యాంటిబయాటిక్ ఇంజక్షన్ ఇచ్చారు. చీము పట్టకుండా దాని పని అది చేసింది. కుట్లు మానేదాకా పసుపు, నూనె ఏవీ పెట్టొద్దన్నారు. చీము లోపలికి దిగితే మళ్లీ పుర్రె తెరవాలట.”

“ఆ సూదిమందు ఇంకా ఇస్తన్నారేటి?”

“లేదు. మర్నాడే చాలన్నారు.”

“సూసినావా! సగంలో ఆపేసినారు. మిగతా సగం నా గిన్నెలో ఉన్నాది.” దాలమ్మ వేళ్లు పసుపులో ముంచి ముందుకొచ్చింది.

సింధూరి కుర్చీలో వెనక్కి ఒదిగిపోయింది. “బావా, నువ్వైనా చెప్పు!”

మోహనకృష్ణ గ్లాసు కింద పెట్టాడు. వచ్చి దాలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తల వంచాడు.

“రాయి మామ్మా.”

“బావా!”

“ఊరుకో సింధూ. మామ్మ చేతివాసి మంచిది.”

సింధూరి పెళ్లినాటి గోరింట ఇంకా వదలని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దాలమ్మ గుండంతా మెత్తగా రుద్దింది. “కుట్లు సేతికి తగల్లేదేటి నాయినా?”

“ఇప్పటి డాక్టర్లు అలా కుడుతున్నారు మామ్మా. కనపడనే కనపడవు.”

“మాయగాళ్లు!” ఆమె మెచ్చుకుంటూ గిన్నె ఊడ్చి మరీ పూసింది. “రేపూ తెస్తాను.”

“రోజూ తే. కానీ ఈ గుండుకే రాయాలి. ఒట్టెయ్యి.”

“ఒట్టు నాయినా!” దాలమ్మ తృప్తిగా మెట్లు దిగింది.

మోహనకృష్ణ తలుపు గడియ పెట్టాడు. పసుపు వదిలేదాకా గుండు తోముకుని, చేతులు మోచేతుల వరకు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. సింధూరి నవ్వు ఆపుకోలేకపోతోంది.

“నవ్వింది చాలు గానీ, ఇటు తిరుగు.”

ఆమె మెల్లగా పొందూరు గుడ్డ ముడి విప్పింది.

కుట్లు ఆమె గుండు మీద ఉన్నాయి.