చిలుం నాదే

బీరయ్యకు ఒళ్లు మండిపోతోంది.

బామ్ని బస్‌స్టాప్ పక్కన చాయ్ హోటల్. బెంచీ మీద నలుగురు ముసలివాళ్లు. బీరయ్య, కిష్టన్నలది ఆ ఊరే. పోశయ్య, సమ్మన్న జింగనూర్ వాళ్లు, బస్సు కోసం ఆగారు. ఎదురుగా కుర్చీలో అల్లపల్లి నుంచి వచ్చిన మనిషి. పూల చొక్కా, భుజాన సంచి. వచ్చి అరగంట కాలేదు, అప్పుడే అందరికీ చాయ్ పోయించాడు. పాత చిలుములంటే తనకు ప్రాణమట. ఎవరి చిలుం ఎలాంటిదో చెప్పమన్నాడు.

ఇక ఆగుతారా! ఈ రోజుల్లో చిలుం సంగతి అడిగే మనిషి దొరకడమే గొప్ప.

"నాది ఎర్రమట్టిది. కాళేశ్వరం జాతరల కొన్న," అన్నాడు పోశయ్య. "ఎంత గుంజినా చెయ్యి కాలది. మూడు దమ్ములకే పానం లేసొస్తది."

"నాది మా మామ పెట్టిండు," సమ్మన్న అందుకున్నాడు. "ఇత్తడి కట్టున్నది దానికి. బిడ్డనిచ్చిండు, చిలుమిచ్చిండు. రెండిట్ల చిలుమే నయం. అది నన్ను తిట్టది."

అందరూ నవ్వారు. బీరయ్య నవ్వలేదు. కిష్టన్న మోచెయ్యి పట్టుకుని లాగాడు.

"పా బావా, ఇంటికి పోదాం."

"ఆగరాదూ. చాయ్ అన్న తాగనియ్యవా?" కిష్టన్న చెయ్యి విదిలించుకున్నాడు. ఆ మనిషి వైపు తిరిగాడు. "నాదైతే మా నాయిన చిలుం సారూ. నల్లగ నిగనిగలాడతది. మెడకు రాగి తీగ చుట్టి ఉంటది. పొగాకు జారకుండ లోపలేసే రాయి సుత మా నాయిన ఏరి తెచ్చిందే. రెండు దినాల సంది కనవడ్తలేదు. బువ్వ లోపలికి పోతలేదనుకో."

ఒక్క పూట నోరు మూసుకుంటే ఈ కిష్టన్న సొమ్మేం పోతుంది! బీరయ్యకు అతని చెంప పగలగొట్టాలనిపించింది.

పూల చొక్కా మనిషి నవ్వుతూ సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఇదేనా చూడు కాకా. రస్తా మీద దొరికింది."

నల్ల చిలుం. మెడకు రాగి తీగ.

కిష్టన్న ముఖం చాటంత అయింది. చెయ్యి చాపాడు.

"గది నాది!"

అరిచింది బీరయ్య. అరవడమే కాదు, కిష్టన్న వేళ్లు తగలకముందే చిలుం లాక్కుని గుప్పిట్లో బిగించాడు.

కిష్టన్న ముందు నవ్వబోయాడు. బీరయ్య కళ్లు చూసి ఆగిపోయాడు.

"ఏంది బావా, మజాకా?"

"మజాకేంది? నా చిలుం నాదన్న. నీకేం పని?"

"మా నాయినదిరా అది!"

"మీ నాయినకు బీడీముక్కకు గతి లేకుండె. చిలుమెక్కడిది?"

కిష్టన్న బీరయ్య గల్లా పట్టాడు. చాయ్ గ్లాసులు దొర్లాయి. పోశయ్య, సమ్మన్న చెరో చెయ్యి వేసి విడదీశారు. "మట్టి చిలుం కోసం గిదేం లొల్లి?" అని ఇద్దరినీ తిట్టారు.

పూల చొక్కా మనిషి మాత్రం కదల్లేదు. "ఒక్క చిలుముకు ఇద్దరు మాలిక్‌లా? సరే, లోపలి రాయి ఏ రంగు?"

"తెల్లది!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క చిలుమునే మార్చి మార్చి పీల్చినవాళ్లు మరి.

ఏం చేసైనా సరే, ఇది కిష్టన్న చిలుమని ఇవాళ తేలకూడదు. బీరయ్య పళ్లు కొరికాడు. ఎదురుగా రేషన్ దుకాణం ముందు కిష్టన్న భార్య ముత్తక్క కనిపించింది. గొడవ విని ఆమె ఇటే వస్తోంది.

"చెల్లె! జర ఇటు రా. నీ పెనిమిటి చిలుం తాగుతడా?"

కిష్టన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తాగితే నేనూకుంటనా?" ముత్తక్క కొంగు బిగించింది. "పోయినేడు దవాఖానల పడి లేసినంక ఏట్ల ఇసిరేసిండు. నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. ఏందయ్యా, మాట్లాడవేంది?"

కిష్టన్న భార్యను చూశాడు. బీరయ్య గుప్పిట చూశాడు.

"అవు. నాది కాదు. గా దొంగ ముండకొడుకుదే."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపానివో అవమానానివో. "బీరిగా, ఇయ్యాలటితోని సరి. నువ్వు సస్తే నీ పాడె మొయ్య."

"మొయ్యకు! ఎవడు మొయ్యమన్నడు నిన్ను? పో!" బీరయ్య గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

కిష్టన్న వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పోశయ్య కాండ్రించి ఉమ్మేశాడు. తన చాయ్ గ్లాసు తీసుకుని బీరయ్యకు దూరంగా జరిగి కూర్చున్నాడు.

పూల చొక్కా మనిషి ముఖంలో నవ్వు లేదిప్పుడు. సంచిలోంచి కాగితం తీశాడు.

"పక్కా నీదేనా? మళ్లీ కాదంటే నడవది."

"ఎన్నిసార్లు చెప్పాలె? నాదే. రాసుకో."

ఆ పొద్దున బీరయ్య అడవిలో తునికాకు కోస్తూ, మొన్న కిష్టన్న దొంగతనంగా నరికిన టేకు చెట్టు మొద్దు పక్కన ఈ పూల చొక్కా మనిషే ఫారెస్టు గార్డు ఖాకీ బట్టల్లో వంగి ఆ చిలుం ఏరుకోవడం చూశాడు.