అద్దానికి అవతలి నవ్వు

అద్దం తలుపునకు అవతల సీతాలు మళ్లీ నవ్వింది. చేతులు తిప్పుతూ ఏదో చెప్పి, చెప్పలేక, కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. ఎదుట కూర్చున్న డాక్టరు వీరేంద్ర కలం పక్కన పెట్టి తానూ నవ్వాడు. ఇవతల బల్లమీద కూర్చున్న ఆమె భర్త తవిటయ్యకు ఒక్క మాటా వినిపించలేదు. ఇంద్రునికి ఒళ్లంతా కళ్లేనంటారు. అసూయాపరునికీ అంతే, చెవులు మాత్రం ఉండవు.

ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపే తవిటయ్య డ్యూటీ, నిద్ర తప్ప మూడవది ఎరుగని మనిషి. స్థూలకాయంతో భార్య మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే, మద్దిలపాలెంలో ఒక ఆసుపత్రివారు పరిశోధన చేస్తున్నారని ఇరుగుపొరుగు చెప్పారు. లావెక్కిన ఒంట్లో గ్రోత్ హార్మోను సరిగా ఊరదట. మెదడులో సెరటోనిన్ అనే పదార్థాన్ని పెంచే మాత్ర వేస్తే మళ్లీ ఊరుతుందేమో చూస్తారట. ఆ పదార్థమే మనసుకు ఉల్లాసం కూడానట.

మొదటిసారి సీతాలు ఒంటరిగా వెళ్లివచ్చి, "డాక్టరు బాబు ఎంత నెమ్మదిగా ఇంతాడో మావా, మనం సెప్పింది" అంది. ఆ మాట ముల్లై నాటుకుంది. మరుసటి వారానికల్లా తవిటయ్య పైవాళ్లను బతిమాలి తన సెలవురోజు మార్పించుకున్నాడు.

"నాకు కాపలా ఏటి? నానేటి సంటిపిల్లనా?" అంది సీతాలు బస్సులో.

"రగతం తీత్తారు గదా. కళ్లు తిరిగితే ఎవుడు పట్టుకుంతాడు?" అని బొంకాడు.

పరగడుపున రక్తమిచ్చి వచ్చిన ఆమెకు టిఫిన్ కొట్టులో ఎదురుగా కూర్చుని ఇడ్లీ పెట్టించేవాడు, డాక్టరు ఏమడిగాడో ఆరా తీయడానికి. ఆరా పూర్తికాక సాయంత్రాలు ఉక్కునగరం వీధుల్లో ఆమె వెంట నడిచేవాడు. ఆమె మాట దాటవేసి పుట్టింటి సంగతులు ఎత్తుకునేది. వినక తప్పేది కాదు.

"నువ్వు ఊకొడతావని నాకు తెలీదు మావా" అంది ఒకనాడు.

నెలలు గడిచేకొద్దీ సీతాలు ఒళ్లు తేలికపడింది, ముఖం తేటపడింది. వంటింట్లోనుంచి కూనిరాగం వినవచ్చింది. సంతోషించవలసినవాడు కుమ్మరి ఆవంలా లోలోపలే కాలాడు. ఇన్నేళ్ల కాపురంలో తాను తేలేని నవ్వును పరాయివాడు చిటికెడు మాత్రలో పెట్టి ఇచ్చాడు కదా అని.

ఈ రోజుతో పరిశోధన ముగిసింది. నర్సు సీతాలును బరువు తూయడానికి పక్కగదికి తీసుకువెళ్లగానే తవిటయ్య అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"డాక్టరు బాబూ, ఆ మాత్ర పేరు సెప్పండి. ఇకమీదట నానే కొనిత్తాను. మా ఆడది మీకాడికి రానక్కర్నేదు."

వీరేంద్ర కుర్చీ చూపించాడు. "కూర్చోండి తవిటయ్య గారూ. ఆవిడ హార్మోను బాగానే ఊరుతోంది, బరువూ తగ్గింది. కాని అది మందు మహిమ కాదు. ఇటువంటి పరిశోధనలో సగం మందికే అసలు మందు ఇస్తాం, తక్కినవారికి మందులేని ఉత్త మాత్రలు. ఎవరికి ఏది వెళ్లిందో మాకే ఈ రోజు దాకా తెలియదు. ఆవిడకు వెళ్లినవి ఉత్త మాత్రలే."

తవిటయ్య కూర్చోలేదు. మందే లేకపోతే ఆ నవ్వు ఎవరిది? ఇంకెవరిది, ఎదుటనున్న ఈ మనిషిదే. అన్నాళ్లూ మందును చూసి ఏడ్చినవాడికి ఇప్పుడు మందైనా ఉంటే బాగుండుననిపించింది.

"మరైతే వారం వారం మీ ఎదర కూకుని, అంత నవ్వుతా, ఏటి సెప్పీది బాబూ మీకు?"

డాక్టరు అతనివంక వింతగా చూశాడు.

"మీ కబుర్లే."