కెరెకెరె లేదు

"మీవాళ్ల దుకాణాలు మూతపడేది బద్ధకం వల్ల కాదు, బ్యాంకుల వల్లా కాదు. ఆ కెరెకెరె వల్ల," అనేసి హర్దయాల్ నాలుక కరుచుకున్నాడు.

బయల్దేరేటప్పుడు భార్య రాంరతి చెప్పనే చెప్పింది. "లీజు సంగతి తేలేదాకా రాజకీయాలెత్తకు. ఈ నెలాఖరుకి గడువైపోతుంది. ఆ పొలంలోనే మన ఇల్లుంది, గుర్తుపెట్టుకో."

భూమి అపిసాయి వంశానిది. కాగితం రాసేది ఎవరైనా, అపిసాయి సరేనంటేనే. హర్దయాల్ కొత్త రబ్బరు బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చి, లీజు మాటెత్తేలోపే మొన్నటి ఎన్నికల మాట వచ్చింది.

అపిసాయి చాప మీద కూర్చుని, వచ్చినవాళ్లకిచ్చే మత్తు పానీయం కోసం గిన్నెడు నీళ్లలో యంగోనా వేరు పిండుతున్నాడు. అతని వెనక, ముందుగదిలో కొత్తగా పెట్టిన దుకాణం అరల మీద, పెద్ద అక్షరాల అట్ట ఒకటి వేలాడుతోంది: ‘కెరెకెరె లేదు’.

హర్దయాల్ మాటకి అతనికి కోపం రాలేదు. కొబ్బరిచిప్ప ముంచి అందించాడు. హర్దయాల్ ఆనవాయితీగా అరచేతులు ఒకసారి చరిచి అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

"ఎలాగో చెప్పు," అన్నాడు అపిసాయి.

"ఎలాగేముంది? మేనత్త వస్తుంది. ‘కెరెకెరె, ఒక చేపల డబ్బా’ అంటుంది. ఆ మాట పడ్డాక అయినవాడు ఇచ్చి తీరాలి. తర్వాత బాబాయి. ఆయన వెనకాలే ఆయనగారి అల్లుడు. అరలు ఖాళీ! ఏమైందయ్యా అంటే ఒకటే పాట." హర్దయాల్ గొంతు సాగదీశాడు. "‘మనవాళ్లు అడిగారు, కాదనలేకపోయాను.’"

అపిసాయి పగలబడి నవ్వాడు. "అచ్చం మా మామయ్య గొంతే! కానీ నువ్వు కథ మధ్యలోంచి మొదలుపెట్టావు. మా తాతని తెల్లదొరలు ఊరు దాటనిచ్చారా? సెలవడక్కుండా దాటితే జరిమానా. మీ తాత బజార్లో బేరాలు నేర్చుకుంటుంటే, మా తాత సెలవు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు."

"మా తాతని ఓడలో సముద్రం దాటించి ఈ దీవులకి తెచ్చి, కొరడా పట్టుకుని చెరకు నరికించారు. అదేమన్నా బేరాలు నేర్పే బడా? మీకు కనీసం భూమి ఉంచారు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. నా ఇంటి కింది మట్టి మాత్రం మీది."

"ఏం మట్టయ్యా! అమ్మలేం, తాకట్టు పెట్టలేం. బ్యాంకువాడు దాన్ని చూసి నవ్వుతాడు. భూమున్నవాడు బీదవాడెందుకయ్యాడని మా పార్టీ అడిగితే, అది జాతిద్వేషమని మీ పార్టీ అరుస్తుంది."

"మీ పార్టీ అడగట్లేదు, జవాబు చెప్పేస్తోంది. మేం వులాంగిలమట. చుట్టపుచూపుగా వచ్చి తిష్ట వేసినవాళ్లమట. సభలో అనలేదూ?"

"అన్నారు," అపిసాయి చిప్ప గిన్నె అంచుకి ఆనించాడు. "నేనూ చప్పట్లు కొట్టాను."

రేకుల మీద వాన పెద్దదైంది. ఇల్లు పోయినట్టేనని హర్దయాల్ అనుకున్నాడు. రాంరతికి ఏ మాటతో చెప్పాలో వెతుక్కుంటున్నాడు.

అపిసాయి ముందుకు వంగాడు. "ఒకటి అడగనా? నీకూ దుకాణముంది. తెలిసినవాడు అక్కడికొచ్చి చెయ్యి చాస్తే కాదంటావు కదా. అప్పుడు నీ లోపల ఏమవుతుంది?"

ఇలాంటిది హర్దయాల్‌ని ఎవరూ అడగలేదు. తనని తనూ ఎప్పుడూ ప్రశ్నించుకోలేదు. "మొహం చూడను," అన్నాడు. "సీసాలు సర్దుతున్నట్టు నటిస్తాను. వాడు మెట్లు దిగేదాకా సర్దుతూనే ఉంటాను."

"అరె, నీకూ అంతేనా!" అపిసాయి తొడ చరుచుకున్నాడు. "నేను నోటితో అనలేకే ఆ అట్ట కట్టాను. కట్టాక ఒక్కడికీ ఇవ్వలేదు. అత్త నాతో మాట్లాడ్డం మానేసింది, అయినా ఇవ్వలేదు. చూశావా? కెరెకెరె మా నెత్తురులో ఉన్న రోగం కాదు. మానెయ్యొచ్చు. నీ వాదం పోయింది, నేనే గెలిచాను."

హర్దయాల్ అట్ట వైపు చూశాడు. గుమ్మంలోంచి, వానలో తడుస్తున్న చెరకు వైపు చూశాడు. ఆ మాట అనాలని ఇంట్లో అనుకుని రాలేదు.

"అపిసాయీ... కెరెకెరె. పొలం నాకుండనీ."

అపిసాయి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఇస్తే, అట్ట అబద్ధం, వాదం హర్దయాల్‌ది. ఇవ్వకపోతే వాదమూ తనదే, పొలమూ తనదే.

"అది అయినవాళ్ల మాట," అన్నాడు మెల్లగా. "వులాంగి అనకూడదు."

"తెలుసు."

అపిసాయి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. కింద హర్దయాల్ బూట్ల వైపు చూశాడు. ఒక బూటులో కాలు దూర్చి, వేళ్లు కదిపాడు. రెండో కాలు కూడా దూర్చాడు.

"కొత్తవా?"

"నిన్ననే కొన్నాను."

అపిసాయి వెనక్కి తిరిగాడు. "కెరెకెరె, బావా."

హర్దయాల్ నోరు తెరిచాడు. సర్దుకోవడానికి చేతి దగ్గర ఒక్క సీసా కూడా లేదు.

మోకాళ్ల దాకా బురదతో, ఉత్త కాళ్లతో ఇల్లు చేరేసరికి రాంరతి గుమ్మంలోనే ఎదురైంది.

"లీజు?"

"ఇచ్చాడు."

"మరి బూట్లేవి?"

హర్దయాల్ చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "మనవాళ్లు అడిగారు, కాదనలేకపోయాను."