పేరు రాయని వ్యాసం

“మళ్ళీ ఎవరో పేరు రాయడం మరిచారు!”

టీచర్ మిసెస్ హాలక్ కాగితం పైకెత్తి చూపింది. వ్యాసాలన్నీ ఐదో తరగతి పిల్లలు కంప్యూటర్లో టైపు చేసి ఇచ్చినవే. చేతిరాతను బట్టి పోల్చుకునే వీల్లేదు.

“అన్నిట్లోకీ ఇదే బాగుంది. వేసవిలో చికాగోలో జరిగే రచన తరగతికి మన క్లాసు నుంచి ఒక్కరే వెళ్ళేది. ఆ సీటు దీనికే. వినండి.”

చదివింది.

“మా అమ్మమ్మకు చూపు లేదు. రోజూ రెండు చేతులతో నా మొహం తడుముతుంది. బంగారు బొమ్మవే నువ్వు, అంటుంది. ఆ కాసేపూ నేను బొమ్మనే.”

పెన్సిళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

వెనక వరుసలో నెల్ చెయ్యెత్తింది. మొహం నుంచి మెడ దాకా తామర పొక్కులు. గోకి గోకి ఎర్రబడ్డ బుగ్గలు.

“బాత్‌రూమ్‌కేనా? వెళ్ళు. పాసు తీసుకో.”

“అది కాదు, మిసెస్ హాలక్...”

“వెళ్ళమన్నాగా!”

“మొహం కూడా కడుక్కుని రా, నెల్!” అన్నాడు ఎవడో. పిల్లలు పగలబడి నవ్వారు.

క్లాసు మధ్యలో బయటికెళ్ళే పిల్లలు పట్టుకెళ్ళాల్సిన చెక్క పాసు తలుపు పక్కన వేలాడుతుంటే, అది తీసుకుని నెల్ బయటికి నడిచింది.

మిసెస్ హాలక్ కళ్ళు ముందు వరుసలో ఆగాయి. తేనెరంగు జుట్టు, సొట్టబుగ్గలు. కొరీన్. ఆమె పేరున్న వ్యాసం కూడా కట్టలో లేదు.

“బంగారు బొమ్మ ఇంకెవరమ్మా ఈ క్లాసులో? సిగ్గెందుకు, కొరీన్?”

కొరీన్ తల దించుకుంది. అవుననలేదు, కాదనలేదు.

నెల్ తిరిగొచ్చేసరికి కాగితం గోడకెక్కింది, కొరీన్ పేరుతో.

“నెల్, నీ వ్యాసం రాలేదు. సున్నా వేశాను.”

“ఇచ్చాను, మిసెస్ హాలక్.”

“ఇవ్వనివాళ్ళంతా అదే మాట.”

ఆ తరవాత నెల్ ఏ వ్యాసమూ ఇవ్వలేదు. వచ్చే ఏడాదికి వెనకబడ్డ పిల్లల గదికి ఆమె పేరు వెళ్ళిపోయింది.

జూన్‌లో బడి ఆఖరి రోజు. మిసెస్ హాలక్ చికాగో సీటు కాగితం కొరీన్ చేతికిచ్చి అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

అప్పుడే గుమ్మంలో తెల్ల కర్ర టకటకలాడింది. నల్లద్దాల ముసలావిడ.

“మనవరాలిని తీసుకెళ్దామని వచ్చానమ్మా.”

మిసెస్ హాలక్ మొహం వెలిగింది.

“రండి, రండి! గోడ మీద రోజూ మీ గురించే చదువుతున్నాం. కొరీన్, మీ అమ్మమ్మ!”

కొరీన్ కదల్లేదు.

వెనక వరుసలో కుర్చీ జరిగింది.

ముసలావిడ కర్ర చంకన పెట్టుకుని, దగ్గరికొచ్చిన పొక్కుల మొహాన్ని రెండు చేతులతో తడిమింది.

“ఏడుస్తున్నావేంటే, నా బంగారు బొమ్మా?”