కల్తీ లేని మాట

"నీ నిఘంటువు సంగతి తర్వాత. ముందు నీ సాక్షి సంగతి తేలాలి," అన్నాడు ఉస్తాద్ మాకాన్, గడప దాటుతూనే. అతని వెనక నిషాపూరు పెద్ద మసీదు పండితులు ముగ్గురు గడ్డాలు సవరించుకుంటూ లోపలికి వచ్చారు.

అదీబ్ సహ్ల్ నవ్వు మొహంతో తివాచీ చూపించాడు. ఆ నిఘంటువు అతను అరబ్బీ మాటలకు పారసీలో అర్థాలు చెబుతూ పదేళ్లు కూర్చుని రాసిన పుస్తకం. వచ్చే శుక్రవారం మసీదులో దాన్ని చదివించడానికి ఈ నలుగురూ సరేననాలి. అప్పుడే నకళ్లు పుడతాయి, నాలుగు ఊళ్లకు వెళతాయి. కాదంటే ఇంట్లో చెదపురుగులకు పండగ.

"సాక్షికేం ఉస్తాద్, నా అరబ్బీ మాటలన్నీ చెప్పింది ఎడారిలో పుట్టిన మనిషి," అన్నాడు సహ్ల్.

"ఎడారిలోనే ఉండి ఉంటే నాకు పేచీ లేదు. నువ్వు తెచ్చి ఊళ్లో పెట్టుకున్నావు. ఊరి భాష అంటిన ఎడారి మనిషి మాట చెల్లదు. ఆ నియమం నేను పెట్టింది కాదు. ఆమెకు పారసీ ముక్క అర్థమైందంటే, ఆమె చెప్పిన మాటలన్నీ కొట్టేయాలి."

"అన్నీ కొట్టేస్తే అట్టలు మిగులుతాయి," అన్నాడు ఒక పండితుడు. మిగతా ఇద్దరూ నవ్వారు.

"మా ఇంట్లో ఆమె ముందు ఎవరూ నోరు విప్పరు. నా భార్యతో సహా," అన్నాడు సహ్ల్.

"అవునండీ," అంది తెర వెనక నుంచి పరీబాను. "ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషితో నేను మాట్లాడకూడదు. ఈయనతో మాట్లాడితే ఈయన వినరు. నా కష్టసుఖాలన్నీ మా వంటింటి గోడలకు కంఠతా వచ్చు."

తివాచీకి ఎదురుగా, లోపలి వాకిట్లో నీడపట్టున ఉమ్ సువైద్ ఒంటె ఉన్ని వడుకుతూ కూర్చుంది. వీళ్లు ఆమె మాటను పరీక్షించడానికి వచ్చారని సహ్ల్ అరబ్బీలో చెప్పాడు. ఆమె కదురు ఆపలేదు, లేచి నిలబడలేదు.

"మా తెగ మాటలో ఇసుక రేణువంత కల్తీ ఉండదు," అంది. "ఈయన ప్రతి మాట పక్కనా మా తెగ పేరు రాశాడు. మేం గుడారాల్లో ఉండేవాళ్లం. పేరు చెక్కుకోవడానికి మాకు గోడలు లేవు. ఈ పుస్తకమే మా గోడ. అడగండి."

అడిగారు. వానకు ముందు వీచే గాలి పేరేమిటి, వాన తర్వాత వీచేదాని పేరేమిటి? దాహమైన ఒంటె నడక, దాహం తీరిన ఒంటె నడక? ఆమె చెబుతూ పోయింది. అడిగేవాళ్లే అలసిపోయారు. ఒక పండితుడైతే పరీక్ష మరిచిపోయి చెప్పినవి చెప్పినట్టు రాసుకోవడం మొదలుపెట్టాడు.

మాకాన్ వచ్చిన పని అది కాదు. పక్కవాడి వైపు తిరిగి పారసీలో అందుకున్నాడు.

"ముసలిది కబుర్లు బాగానే చెబుతోంది గానీ, ఒంటె వాసన ఇక్కడిదాకా కొడుతోంది."

కదురు తిరుగుతూనే ఉంది.

"అయ్యో, ఆమె కాలి దగ్గర తేలు," అన్నాడు ఈసారి.

పండితులు ముగ్గురూ కాళ్లు పైకి లాక్కున్నారు. ఆమె పోగు వంక చూసుకుంటూ కూర్చుంది.

పరీబాను తల మీద కొంగు సరిచేసుకుని షర్బతు పళ్లెంతో వచ్చింది. మాకాన్ గిన్నె అందుకుని, ఎండ గురించి మాట్లాడుతున్నంత మామూలుగా సహ్ల్‌తో అన్నాడు.

"అన్నట్టు, నిన్న బస్రా బిడారు దిగింది. ఈమె కొడుకు పోయాడట పాపం. బావి తవ్వుతుంటే మట్టి విరిగి మీద పడిందట. నెమ్మదిగా నువ్వే చెప్పు."

పళ్లెం ఒరిగి షర్బతు తివాచీ మీద ఒలికింది. సహ్ల్ భార్య వంక గుడ్లురిమి చూశాడు.

ఉమ్ సువైద్ పోగు తెగలేదు. ఆమె తల తిప్పి ఒలికిన షర్బతును చూసి, "అంత మంచి పానీయం నేలపాలైంది," అంది అరబ్బీలో.

మాకాన్ చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత లేచి, పుస్తకాన్ని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "తల్లీ, నీ మాట చెల్లుతుంది," అన్నాడు అరబ్బీలో.

"చెల్లక ఏం చేస్తుంది," అంది ఆమె.

సహ్ల్ జానెడు పొడవు పెరిగినట్టు నడుస్తూ నలుగురినీ సాగనంపాడు. వీధి వాకిట్లో గొంతు తగ్గించి, "ఉస్తాద్, ఆ కొడుకు సంగతి..." అని నసిగాడు.

"అప్పటికప్పుడు నోటికొచ్చింది. వాడు నూరేళ్లు చల్లగా ఉండాలి," అన్నాడు మాకాన్. "శుక్రవారం మొదటి వరసలో నాకు చోటు ఉంచు."

లోపల పరీబాను తివాచీ తుడుస్తోంది. ఉమ్ సువైద్ తలుపు వంక చూసింది. వీధిలో అడుగుల చప్పుడు బొత్తిగా వినిపించకుండా పోయేదాకా ఆగింది. అప్పుడు వచ్చి పరీబాను చెయ్యి గట్టిగా పట్టుకుని, అచ్చమైన నిషాపూరు కూరగాయల బజారు పారసీలో అడిగింది.

"చెల్లీ, మన పుస్తకం నిలబడిందిగా, ఇప్పుడు చెప్పు... నా బిడ్డ నిజంగానే పోయాడా?"