నీలం గ్లౌజులు

"అమ్మోరిని కాస్త ఇటు తిప్పవే రూబీ, మొకం సూస్తాను," అన్నాడు వీడియో కాల్‌లో నరసింగరావు. ఊళ్లో అమ్మవారి గుడికి ఆయనే ధర్మకర్త.

లండన్‌లో మ్యూజియం చదువు చదువుతున్న రూబీ, స్టోర్‌రూములో ఉన్న కంచు విగ్రహాన్ని మెల్లగా ఫోన్ వైపు తిప్పింది. తాతల నాడు దొరలు ఆ గుడిలోంచి తీసుకుపోయి కళింగపట్నంలో ఓడెక్కించిన విగ్రహం అది.

నరసింగరావు కళ్లు చెమర్చాయి. చేతులు జోడించబోయి, ఆమె చేతులు చూసి ఆగిపోయాడు. చర్చిలో చేరకముందు రూబీ నాయనమ్మ ఆ గుడికి వీధిలోంచే దండం పెట్టుకునేది.

"నువ్వు ముట్టుకున్నావేటి?"

"నీలం గ్లౌజులు ఏసుకున్నాను బాబూ, సూడండి."

"అదీ మాట." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "తెల్లోలకి కూడా మన కట్టుబాటు తెలుసన్నమాట."

"కట్టుబాటు కాదు బాబూ. సేతి సెమట తగిలితే కంచు పాడైపోతాది. ఉత్త సేత్తో ఇక్కడ ఎవులూ ముట్టకూడదు. మా డైరెక్టరైనా అంతే."

నరసింగరావు భుజం మీద కండువా సర్దుకున్నాడు.

"మరి నేనొస్తేనో? ధర్మకర్తని కదా. నాకూ గ్లౌజులిస్తారేటి?"

రూబీ విగ్రహాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది.

"మీకియ్యరు బాబూ. అద్దం బయట నిలబడి దండం ఎట్టుకోవాల."