చెదరని కాటుక

“మళ్లీ వెనక్కి తెచ్చావా? ఏం లోపం కనబడింది ఇందులో?” లలితకుమారి విసుక్కుంది.

కాకినాడ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఆ చుట్టుపక్కల అందరికంటే ముందు కాటుక తయారీ మొదలుపెట్టిన మనిషి ఆమె. చెదరని కాటుక కోసం రెండేళ్లు తంటాలు పడింది. తీరా అది కుదిరాక, ఎల్‌బీ నగర్ చీరల షాపులో పనిచేసే యాదలక్ష్మి రెండోసారి డబ్బీ తిప్పి తెచ్చింది.

“లోపమేం లేదక్కా. పాతదే ఇయ్యి.”

“అది చెమటకే కారిపోయేది కదే!”

“కారాలె. గిది పెట్టుకుంటే ఏడ్సినా ఎవ్వలకు తెలుస్తలేదు.”

పదేళ్లుగా తన దగ్గర కాటుక కొంటున్న యాదలక్ష్మి కళ్లను లలితకుమారి మొదటిసారి పరికించి చూసింది.

“ఎవరికి తెలియాలి?”

“ఎవ్వలకైనా.”

లలితకుమారి కొట్టు తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాగింది.

“కూర్చో. ముందు నాకు చెప్పు.”